పాత సింథ్‌లు, ఇప్పటి ల్యాప్‌టాప్‌లు: మీ ప్రశ్నలకు జవాబులు

పోయిన నెల ఈ పేజీలో పాత అనలాగ్ సింథసైజర్ల (విద్యుత్ సర్క్యూట్లతో శబ్దం పుట్టించే కీబోర్డుల) గురించి, వాటిని కంప్యూటర్‌లోకి దించిన ఎమ్యులేషన్ ప్లగిన్ల (ఆ మెషిన్లను అనుకరించే సాఫ్ట్‌వేర్) గురించి కాస్త రాశాను. దానికి వచ్చిన ఉత్తరాలు, మెసేజ్‌లు చాలావరకు మన నెల్లూరు, ఒంగోలు వైపువే. చర్చిలో కీబోర్డు వాయించేవాళ్లు రాశారు, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రా వాళ్లు రాశారు, మేడ మీద గదిలో పరుపులు అడ్డం పెట్టుకుని పాటలు రికార్డు చేసే కుర్రాళ్లు రాశారు, కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్న ఒక అమ్మాయి కూడా రాసింది. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి జవాబులిస్తున్నాను. పేర్లు వేయడం లేదు, ఊళ్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న (కావలి నుంచి): అన్నా, నేను చర్చిలో కీబోర్డు వాయిస్తాను. రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 ఉంది, ఒక ఐ3 ల్యాప్‌టాప్ ఉంది. మూగ్, జూపిటర్, ప్రాఫెట్ అని పాత సింథ్‌ల పేర్లతో ఏవేవో ప్లగిన్లు చూపిస్తున్నారు. ఇవి నిజంగా పాత మెషిన్ లాగే పలుకుతాయా, లేక బొమ్మ పైన పెట్టి లోపల మామూలు సౌండే ఇస్తున్నారా? మొదట ఏది పట్టుకోవాలి?

తమ్ముడూ, నీ అనుమానం ఉత్తది కాదు. మూగ్ ఫొటో పైన అంటించి, లోపల ఆ మెషిన్ నుంచి రికార్డు చేసిన శాంపిల్స్ పెట్టి అమ్మే ప్లగిన్లు ఉన్నాయి. నీ ఎక్స్‌పీఎస్-10లో సింథ్ టోన్లు కూడా అట్టా రికార్డు చేసి పెట్టినవే. వాటితో మంచి పాట చేయొచ్చు, అందులో సందేహం లేదు. కాకపోతే శాంపిల్ అంటే, రికార్డు చేసిన రోజు ఆ నాబ్‌లు ఎక్కడ ఉన్నాయో అక్కడి శబ్దం మాత్రమే. అసలైన ఎమ్యులేషన్ అలా కాదు. అది సర్క్యూట్ ఎలా ప్రవర్తిస్తుందో దాన్ని లెక్కల్లో పెడుతుంది. నువ్వు ఏ నాబ్ ఎంత తిప్పినా ఆ సర్క్యూట్ ఏం చేసేదో అది చేయడానికి ప్రయత్నిస్తుంది.

మినీమూగ్‌నే తీసుకో. 1970ల మొదట్లో వచ్చిన మెషిన్, మూడు ఆసిలేటర్లు (శబ్దం పుట్టించే భాగాలు), ఒకసారికి ఒకే నోటు. దాని ప్రాణమంతా ఫిల్టర్‌లో, అంటే శబ్దంలో పై భాగాన్ని కోసే చోట ఉంది. ట్రాన్సిస్టర్లతో కట్టిన నాలుగు అంచెలు, ఒక్కో అంచె 6 డెసిబెల్స్ చొప్పున మొత్తం ఆక్టేవ్‌కు 24 డెసిబెల్స్ కోస్తుంది. చివర్లో బయటికొచ్చిన సిగ్నల్‌లో కొంత వెనక్కి తెచ్చి మొదట్లో కలిపితే అదే రెసొనెన్స్, శబ్దానికి ఒక కేక తెచ్చేది. సర్క్యూట్‌లో ఇదంతా అప్పటికప్పుడే జరిగిపోతుంది. కంప్యూటర్‌కు ఆ వీలు లేదు. అది సెకనుకు 44,100 శాంపిల్స్ (ఇక్కడ శాంపిల్ అంటే ఒక్క క్షణం శబ్దం కొలత, పైన చెప్పిన రికార్డింగ్ కాదు) చొప్పున ఒకదాని తర్వాత ఒకటి లెక్కేసుకుంటూ పోతుంది, ఈ శాంపిల్ జవాబు తేలకముందే దాన్నే వెనక్కి తెచ్చి కలపాలంటే కుదరదు కాబట్టి పాత ప్లగిన్లలో ఒక శాంపిల్ ఆలస్యంగా కలిపేవాళ్లు. చూడ్డానికి సెకనులో ఎన్నో వంతో, అయినా చెవికి తెలిసిపోతుంది. రెసొనెన్స్ పెంచి కటాఫ్‌ను (ఫిల్టర్ ఎక్కడి నుంచి కోయాలో చెప్పే నాబ్‌ను) పైకి తిప్పుకుంటూ పోతే ఫిల్టర్ శ్రుతి పక్కకు జరుగుతుంది, ఆ కేక సన్నబడుతుంది. ఈ ఇబ్బంది పోగొట్టడానికి ప్రతి శాంపిల్ దగ్గరా సమీకరణాన్ని పూర్తిగా సాధించే పద్ధతి వచ్చింది, దాన్నే జీరో డిలే ఫీడ్‌బ్యాక్ అంటారు. 2011లో బెర్లిన్ కంపెనీ యూ-హీ తెచ్చిన డీవా అనే ప్లగిన్‌కు అంత పేరు రావడానికి ముఖ్య కారణం ఇదే. అది ల్యాప్‌టాప్‌ను అంతలా పీల్చేయడానికి కారణం కూడా ఇదే.

ఏ ప్లగిన్ అయినా కొనే ముందు డెమో దించుకుని నీ చెవితో నువ్వే ఒక పరీక్ష చెయ్యి. సా-టూత్ వేవ్ (రంపపు పళ్ల ఆకారంలో ఉండే తరంగం) ఒక్కటే పెట్టు, ఫిల్టర్ పూర్తిగా తెరువు, కోరస్ (శబ్దాన్ని దళసరి చేసేది), రివర్బ్ (గది మోత కలిపేది) అన్నీ ఆపు. కీబోర్డు పై చివర ఒక నోటు నొక్కి పట్టుకుని పిచ్ బెండ్ నెమ్మదిగా పైకి తిప్పు. శబ్దం పైకి పోతుంటే దాని వెనకాల సన్నగా ఇంకో ఈల కిందికి దిగుతూ వినిపించిందా, ఆసిలేటర్ సరిగా కట్టలేదన్నమాట. దాన్ని ఎలియాసింగ్ అంటారు. 44.1 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకు ఆ 44,100 శాంపిల్స్‌తో పని చేసేటప్పుడు 22.05 కిలోహెర్ట్జ్ పైన ఉన్న హార్మోనిక్స్‌కు (నోటుతో పాటు పుట్టే పై స్వరాలకు) చోటు ఉండదు, అవి వెనక్కి మడత పడి కిందికి వస్తాయి. అనలాగ్ మెషిన్‌లో ఈ ఈల ఉండే ప్రశ్నే లేదు. తర్వాత ఇంకోటి చూడు. రెసొనెన్స్ ఎక్కువ పెట్టి కటాఫ్‌ను కింది నుంచి పై దాకా తిప్పు. మెట్లు మెట్లుగా కాకుండా నున్నగా పోవాలి. మూగ్ రకం అయితే రెసొనెన్స్ పెంచే కొద్దీ బేస్ తగ్గాలి, అసలు మెషిన్‌లో అలాగే తగ్గుతుంది. ఈ రెండూ నిలబడితే ఆ ప్లగిన్ మీద డబ్బు పెట్టొచ్చు.

పూర్తిగా ఒకేలా ఉంటాయా అంటే, రెండు అసలు మినీమూగ్‌లే పక్కపక్కన పెడితే ఒకేలా ఉండవు. భాగాల్లో తేడాలుంటాయి, వయసు మీద పడి ఉంటుంది. ఒంటరిగా పెట్టి ఫిల్టర్ తిప్పుతూ వింటే మంచి ప్లగిన్‌కూ మెషిన్‌కూ తేడా కొన్ని చోట్ల తెలుస్తుంది. పాటలో తబలా, గిటార్, గొంతు మధ్యలో పెట్టాక పట్టుకోవడం చాలా కష్టం. నా దృష్టిలో నువ్వు దీని గురించి టెన్షన్ పడాల్సిన పనే లేదు.

మొదట ఏది అంటే, జూనో రకం. ఇందులో నాకు రెండో మాట లేదు. రోలాండ్ జూనో-60 1982లో వచ్చింది, ఆరు వాయిస్‌లు (ఒకేసారి ఆరు నోట్లు), ఒక్కో వాయిస్‌కు ఒకే ఒక్క ఆసిలేటర్, దానికి ఒక ఆక్టేవ్ కింద పలికే ఒక సబ్, ఒక ఫిల్టర్, ఒకే ఒక్క ఎన్వలప్ (నోటు ఎలా మొదలై ఎలా ఆగాలో చెప్పేది), చివర్లో కోరస్ బటన్లు. అంతే. ఎడమ నుంచి కుడికి చూసుకుంటూ పోతే శబ్దం ఎలా పుట్టి ఎలా బయటికొస్తుందో మొత్తం కంటికి కనిపిస్తుంది. డబ్బు పెట్టగలిగితే టాల్ వాళ్ల యూ-నో-ఎల్ఎక్స్ మంచిది, ల్యాప్‌టాప్ మీద బరువు కూడా తక్కువే. డబ్బు లేకపోతే యూ-హీ వాళ్లదే టైరెల్ ఎన్6 ఉచితం, అచ్చంగా జూనో కాదు గానీ దాని స్ఫూర్తితో చేసింది.

ప్రీసెట్లు (ముందే కట్టి ఇచ్చిన టోన్లు) ముట్టుకోకుండా చర్చి పాటకు ఒక ప్యాడ్ (పాట వెనకాల పరుచుకుని ఉండే టోన్) కట్టి చూడు. సా-టూత్ ఆన్, సబ్ కొద్దిగా. కటాఫ్ సగం కంటే కిందికి దించు, రెసొనెన్స్ దాదాపు సున్నా. ఎటాక్ (శబ్దం పైకి రావడానికి పట్టే టైము) అర సెకను దాకా, సస్టెయిన్ (కీ పట్టుకున్నంతసేపు ఉండే స్థాయి) మొత్తం పైకి, రిలీజ్ (కీ వదిలాక ఆగడానికి పట్టే టైము) రెండు సెకన్ల దాకా. ఫిల్టర్ మీద ఎన్వలప్ ప్రభావం కొంచెం ఇవ్వు, నోటు నొక్కగానే మెల్లగా తెరుచుకునేంత. ఇప్పుడు రెండు చేతులా ఒక కార్డ్ పట్టుకుని విను, ఏదో పలచగా ఉంటుంది. అప్పుడు కోరస్ ఒకటో బటన్ నొక్కు. ఆ క్షణంలో గది నిండిపోతుంది. బేస్ గిటార్ వాయించే తమ్ముడికి చోటివ్వడానికి హైపాస్ (కింది శబ్దాలను కోసే ఫిల్టర్) ఒక గీత పైకి ఎత్తు. ఈ ఒక్క టోన్ కట్టడం వచ్చిందంటే ఎక్స్‌పీఎస్-10లో ఏ ప్యాడ్ ఎందుకు అలా ఉందో కూడా నీకే అర్థమవడం మొదలవుతుంది.

ప్రశ్న (ఒంగోలు నుంచి): మినీమూగ్ ప్లగిన్ ఒకటి కొన్నాను. ఎడమ చేత్తో ఒక నోటు పట్టుకుని కుడి చేత్తో పైన వాయిస్తే పై నోటు పలకదు. కింది నోటే పలుకుతుంది. ఇంకోటి, కీ వదిలిన వెంటనే సౌండ్ టక్కున ఆగిపోతుంది, రిలీజ్ నాబ్ ఎక్కడా కనిపించలేదు. ప్లగిన్ పాడయిందా, నన్ను మోసం చేశారా?

పాడవలేదు, మోసమూ లేదు. నువ్వు కొన్నది బాగా చేసిన ఎమ్యులేషన్ అని నీ ఫిర్యాదే చెబుతోంది. అసలు మినీమూగ్‌లో ఒకేసారి రెండు కీలు నొక్కితే కిందిదే గెలుస్తుంది. దాన్ని లో-నోట్ ప్రయారిటీ అంటారు. మన యమహా, రోలాండ్ కీబోర్డుల్లో మోనో టోన్ (ఒకసారికి ఒకే నోటు పలికేది) పెడితే సాధారణంగా చివర నొక్కిన నోటు పలుకుతుంది, ఆ అలవాటుతో వస్తే ఇది వింతగానే ఉంటుంది. చాలా ప్లగిన్లలో సెట్టింగ్స్ లోపల నోట్ ప్రయారిటీ అని ఉంటుంది, లాస్ట్ అని మార్చుకో, సరిపోతుంది.

కానీ మార్చే ముందు ఒక సాయంత్రం అలాగే ఉంచి వాయించు. కింది సా పట్టుకుని ఉంచి, దాని పైన నోట్లు నొక్కినా ఏమీ జరగదు, ఆ సా వదిలిన క్షణంలో పై నోటు దూకుతుంది. ఎడమ చేతి వేలు ఎత్తడం, దించడంతో లయ పుట్టించవచ్చు. ఆ రోజుల్లో వాయించినవాళ్ల వేళ్లు ఈ మెషిన్‌కు తగ్గట్టు అలవాటు పడ్డాయి, వాళ్ల లీడ్‌లలో (పాటలో ముందుకొచ్చి వాయించే ట్యూన్లలో) ఆ దూకుడు అందుకే వినిపిస్తుంది.

రిలీజ్ సంగతి. మినీమూగ్ ఎన్వలప్‌లో ఎటాక్, డికే (ఎటాక్ తర్వాత శబ్దం సస్టెయిన్ స్థాయికి దిగే టైము), సస్టెయిన్ మాత్రమే ఉన్నాయి. రిలీజ్‌కు విడిగా నాబ్ లేదు. పిచ్ వీల్ పక్కన డికే అని ఒక స్విచ్ ఉంటుంది చూడు, అది వేస్తే డికే నాబ్‌లో పెట్టిన టైమే రిలీజ్‌గా కూడా పని చేస్తుంది. తీసేస్తే టక్కున ఆగుతుంది. బేస్ వాయించేటప్పుడు తీసేసి ఉంచు, ఆ టక్కున ఆగడమే అందం.

ప్రశ్న (నెల్లూరు నుంచి): ఎనభైల పాటల్లో గంటల్లాగా మోగే ఎలక్ట్రిక్ పియానో టోన్ కావాలి. ఏ అనలాగ్ ఎమ్యులేషన్‌లో దొరుకుతుంది సార్?

ఏ దాంట్లోనూ దొరకదండీ. అది యమహా డీఎక్స్7 రకం శబ్దం. 1983లో వచ్చింది, పూర్తిగా డిజిటల్, ఎఫ్ఎం పద్ధతి (ఒక తరంగంతో ఇంకో తరంగాన్ని కదిలించి శబ్దం పుట్టించడం). ఎనభైలవి అన్నీ అనలాగ్ అనుకుని జనం బోలెడు డబ్బు పోస్తున్నారు. డెక్స్‌డ్ అనే ఉచిత ప్లగిన్ దించుకోండి, డీఎక్స్7 టోన్లు అందులోనే లోడ్ చేసుకోవచ్చు. ఖర్చు ఏమీ ఉండదు.

ప్రశ్న (గూడూరు నుంచి): చెన్నైలో తెలిసినవాళ్ల దగ్గర జూనో-106 అమ్మకానికి ఉందట. అసలు మెషిన్ కొనడమా, ప్లగిన్‌తో సరిపెట్టుకోవడమా? ఇంకో సంగతి, ప్లగిన్లలో డ్రిఫ్ట్ అనే నాబ్ దేనికి?

కొనాలని మనసు పడితే కాదనను, అసలు మెషిన్ మీద చేయి పెడితే కలిగే సంతోషం వేరు. అయితే డబ్బు చేతిలో పెట్టే ముందు చూడాల్సినవి చూసుకోండి. జూనో-106 1984 నాటిది. అందులో ఒక్కో వాయిస్‌కు ఒకటి చొప్పున ఆరు చిప్‌లు ఉంటాయి, 80017ఏ అని వాటి నంబరు, పైన ఎపాక్సీ పూత పోసి సీలు చేసి ఉంటాయి. కాలం గడిచే కొద్దీ అవి చచ్చిపోతాయి, ఆ మెషిన్‌కు ఇది బాగా తెలిసిన జబ్బు. అక్కడికి వెళ్లి ఒకే నోటు మళ్లీ మళ్లీ కొడుతూ ఉండండి. మెషిన్ ఒక్కో దెబ్బకు ఒక్కో వాయిస్ వాడుకుంటూ తిరుగుతుంది. ప్రతి ఆరో దెబ్బకు శబ్దం నీరసంగా వచ్చినా, చిటపటలాడినా, అసలు రాకపోయినా ఒక చిప్ పోయినట్టే. కోరస్ వేసి కాదు, తీసేసి వినండి, కోరస్ కింద చాలా లోపాలు దాక్కుంటాయి. జపాన్‌లో అమ్మిన మెషిన్ అయితే 100 వోల్టులది, మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టారో అంతే సంగతులు, ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఇవి చూసుకోకుండా పాత మెషిన్ తెచ్చుకుని తర్వాత చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఎలక్ట్రానిక్స్ కొట్టు కొట్టూ తిరిగినవాళ్లను చూశాను, చాలా బాధ అనిపిస్తుంది. గూడూరు నుంచి మీకు చెన్నై దగ్గరే, అయినా ప్రతి రిపేరుకూ అంత బరువు రైల్లో వేసుకుని పోవడం చిన్న పని కాదు.

పాట చేయడమే లక్ష్యం అయితే ప్లగిన్ చాలు. రోలాండ్ వాళ్లే తమ జూనో, జూపిటర్‌లను సాఫ్ట్‌వేర్‌గా ఇస్తున్నారు, కోర్గ్ వాళ్లు తమ పాత సింథ్ ఎంఎస్-20ని ఇస్తున్నారు. ఫ్రాన్స్‌లోని ఆర్టూరియా వాళ్లు 2003లో మూగ్ సింథ్‌లు తయారు చేసిన బాబ్ మూగ్‌తోనే కలిసి ఆయన మాడ్యులర్ సింథ్‌ను (విడి భాగాలను వైర్లతో కలిపి వాయించేదాన్ని) సాఫ్ట్‌వేర్‌గా చేశారు, ఆయన ఉండగా జరిగిన పని అది. ఇవేవో దొంగ నకళ్లు అనుకోవద్దు.

ఇక డ్రిఫ్ట్. పాత అనలాగ్ ఆసిలేటర్‌కు ఒక వోల్టు పెరిగితే ఒక ఆక్టేవ్ పెరగాలి. ఆ లెక్క కట్టే సర్క్యూట్‌కు వేడి పడదు, ఉష్ణోగ్రత మారితే శ్రుతి కదులుతుంది. అందుకే మినీమూగ్ ఆన్ చేసి కాసేపు వేడెక్కనిచ్చి, ఆ తర్వాతే ట్యూన్ చేసుకునేవాళ్లు. ప్రాఫెట్-5లో అయితే ట్యూన్ అని బటనే పెట్టారు. మన నెల్లూరు రోహిణి కార్తెలో, కరెంటు పోయి ఏసీ ఆగిన గదిలో అలాంటి మెషిన్ పెట్టుకుంటే ఎంత అవస్థో ఊహించుకోండి. ప్లగిన్లలో డ్రిఫ్ట్, స్లాప్ అని వచ్చే నాబ్‌లు ఈ కదలికను కొద్దిగా కలపడానికే. కచేరీలో రెండు నాదస్వరాలు కలిసి వాయించినప్పుడు వెంట్రుకవాసి తేడాతో ఆ శబ్దం ఎంత దళసరిగా ఉంటుందో, ఆసిలేటర్ల మధ్య ఆ తేడా అదే పని చేస్తుంది. మితిమీరితే మాత్రం శ్రుతి తప్పినట్టే ఉంటుంది, గాయకులు ఇబ్బంది పడతారు. సగానికి మించి పెట్టకండి.

ఇక్కడ ఒక సంగతి చాలామంది పట్టించుకోరు. జూనోలో ఈ డ్రిఫ్ట్ ఉండదు. దాని ఆసిలేటర్ పిచ్‌ను డిజిటల్ క్లాక్ అదుపులో పెడుతుంది, అందుకే ఆ రోజుల్లో స్టేజీ మీద వాయించేవాళ్లు దాన్ని అంతగా నమ్ముకున్నారు. దాని దళసరితనం అంతా కోరస్‌దే. కాబట్టి జూనో ఎమ్యులేషన్‌లో డ్రిఫ్ట్ పెంచి ఇదే అసలు అనలాగ్ అంటే అది జూనో కాకుండా పోతుంది.

ప్రశ్న (కందుకూరు నుంచి): డీవా డెమో వేశాను. నాలుగు నోట్లు కలిపి నొక్కితే చిటపట చిటపట. ల్యాప్‌టాప్ 8 జీబీ ర్యామ్. ర్యామ్ పెంచాలా?

ర్యామ్‌తో సంబంధం లేదు, ప్రాసెసర్ చాలడం లేదు. ముందుగా ఒక మాట, డెమోలో అప్పుడప్పుడు వచ్చే చిటపట కంపెనీ వాళ్లు కావాలనే పెట్టింది, కొనుక్కుంటే పోతుంది. నోట్లు పెరిగే కొద్దీ పెరుగుతుంటే మాత్రం నీ మెషిన్‌దే. డీవాలో ఎక్యూరసీ అని నాలుగు మెట్లు ఉంటాయి, డ్రాఫ్ట్ నుంచి డివైన్ దాకా. పాట కట్టేటప్పుడు డ్రాఫ్ట్‌లోనో ఫాస్ట్‌లోనో ఉంచు, చివర్లో ఫైల్ తీసేటప్పుడు పెంచుకో. మల్టీకోర్ బటన్ నొక్కి చూడు. వాయిస్‌లు తగ్గించు. రిలీజ్ పొడుగ్గా ఉన్న ప్యాడ్‌లో వదిలేసిన నోట్లు కూడా ఇంకా ప్రాసెసర్‌ను తింటూనే ఉంటాయి, నువ్వు నాలుగే నొక్కావు అనుకుంటావు గానీ లోపల పన్నెండు నడుస్తూ ఉండొచ్చు.

బఫర్ (కంప్యూటర్ ఒక్కసారికి లెక్కేసి పంపే శబ్దం ముక్క) సంగతి కూడా చూడు. 44.1 కిలోహెర్ట్జ్‌లో 256 శాంపిల్స్ అంటే సుమారు 5.8 మిల్లీసెకన్లు, 512 అంటే 11.6. వాయించేటప్పుడు 256 మీద పెట్టుకుంటే చేతికి తెలియదు, మిక్సింగ్‌లో 1024కి పెంచేస్తే చిటపట పోతుంది. విండోస్‌లో మామూలు సౌండ్ డ్రైవర్‌తో కాకుండా ఆసియో డ్రైవర్‌తో (శబ్దం ఆలస్యం తక్కువగా ఉండే రకం) పని చెయ్యి. ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే దాని డ్రైవర్, లేకపోతే ఆసియో4ఆల్ ఉచితంగా దొరుకుతుంది. ఒక ట్రాక్ నచ్చిందీ అంటే వెంటనే ఫ్రీజ్ చేసో, ఆడియోగా మార్చేసో ప్లగిన్ ఆపెయ్యి. పాత ఐ3 మీద కూడా ఇలా చేసుకుంటూ పది ట్రాకుల పాట హాయిగా పూర్తి చేయొచ్చు.

ప్రశ్న (మార్కాపురం నుంచి): స్టూడెంట్‌ని అన్నా. కొనలేను. క్రాక్ వేసుకోవడం తప్ప దారి లేదు కదా?

ఉంది. క్రాక్ వేయొద్దు. దాంతో వచ్చే వైరస్ నీ పాటల ఫైళ్లన్నీ పోగొడితే తిరిగి తెచ్చిచ్చేవాడు లేడు, పైగా ఈ ప్లగిన్లు చేసేవాళ్లలో చాలామంది ఇద్దరు ముగ్గురు మనుషులున్న చిన్న జట్లు, వాళ్ల కష్టం అది. సర్జ్ ఎక్స్‌టీ వేసుకో. ఒకప్పుడు అమ్మిన ప్లగిన్, 2018లో దాని సోర్స్ కోడ్‌ను అందరికీ ఇచ్చేశారు, అప్పటి నుంచి స్వచ్ఛందంగా చాలామంది కలిసి పెంచారు. అందులో మూగ్ తరహా ల్యాడర్ ఫిల్టర్ (పైన చెప్పిన నాలుగు అంచెలది) కూడా ఉంది. టాల్ నాయిస్‌మేకర్ ఉచితం. వైర్లు ఒకదానికొకటి కలుపుతూ మొదటి నుంచి నేర్చుకోవాలంటే వీసీవీ ర్యాక్ ఉచితం. డిగ్రీ అయ్యేదాకా ఈ మూడింటితో గడిపినా నీకు తక్కువయ్యేది ఏమీ లేదు.

ప్రశ్న (నెల్లూరు నుంచి): నేను కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నాను. సింథ్ మీద రాగం వాయిస్తే గమకం లేక ఏదో సినిమా ట్యూన్‌లా అయిపోతోంది. మా టీచర్ గారు విని, ఇది మనకు పనికిరాదమ్మా అన్నారు. నిజంగా పనికిరాదా?

పనికొస్తుందమ్మా. ఈ ఉత్తరం చూసి నాకు చాలా సంతోషం కలిగింది, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. మీ టీచర్ గారు విన్నది గమకం (స్వరాన్ని ఊపడం, జార్చడం) లేని శబ్దం, ఆ మాట వరకు ఆవిడ అన్నది సరైనదే. పియానో టోన్‌తో వాయిస్తే గమకం రాదు. కానీ పాత మోనో సింథ్‌లు ఒకసారికి ఒకే నోటు పలుకుతాయి, నోటు నుంచి నోటుకు జారగలవు, పట్టుకున్న నోటును వంచగలవు. మన గాత్రానికి, వీణకు కావాల్సినవి ఇవే కదా.

టోన్ ఇలా పెట్టుకో. ఒకే ఆసిలేటర్, సా-టూత్. రెండోది కలపకు, గమకం మసకబారుతుంది. మోనో, లెగాటో ఆన్. గ్లైడ్ (నోటు నుంచి నోటుకు జారే టైము) కొద్దిగా, వంద మిల్లీసెకన్ల లోపు. లెగాటో ఉండటం వల్ల నోట్లు కలిపి వాయించినప్పుడే జారుతుంది, వేలు ఎత్తి కొడితే జారదు, జారు ఎక్కడ కావాలో నీ వేళ్లే నిర్ణయిస్తాయి. కోరస్ వద్దు. కీబోర్డు ట్రాన్స్‌పోజ్ చేసుకుని నీ శ్రుతికి సా కుదుర్చుకో.

ఇప్పుడు తోడి తీసుకో. అందులో గాంధారం నిలబడి ఉండే స్వరం కాదు, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతుందని నీకు మీ టీచర్ గారు చెప్పే ఉంటారు. శుద్ధ రిషభం సా నుంచి ఒక మెట్టు (సెమీటోన్, అంటే కీబోర్డు మీద పక్క కీ), సాధారణ గాంధారం మూడు మెట్లు, శుద్ధ మధ్యమం అయిదు మెట్లు. అంటే గాంధారం నుంచి కిందికి రెండు, పైకి రెండు. చాలా సింథ్‌లలో పిచ్ బెండ్ మామూలుగా ఉండేది కూడా రెండు సెమీటోన్లే. కాబట్టి గాంధారం కీ పట్టుకుని వీల్‌ను పూర్తిగా కిందికి దించితే రిషభం దగ్గరికి, పూర్తిగా ఎత్తితే మధ్యమం దగ్గరికి వెళ్తుంది. నీ వేళ్లు దారి తప్పి రాగం బయటికి పోయే వీలే లేదు. మొదట్లో బొటనవేలు బిగుసుకుంటుంది. ముందు నోటితో పాడు, పాడుతూ వీల్ తిప్పు, గొంతు ఎక్కడ ఆగుతుందో వీల్ అక్కడ ఆపు. వీల్ మధ్యలోకి వచ్చి ఒక్క క్షణం కూడా గాంధారం మీద నిలవకూడదు. ప్లగిన్ స్క్రీన్ మీద మౌస్‌తో ఇది ఎప్పటికీ రాదు, చిన్నదైనా సరే వీల్ ఉన్న మిడి కీబోర్డు (కంప్యూటర్‌కు తగిలించి ప్లగిన్ వాయించేది) కొనుక్కో.

స్వరస్థానాలే పియానో ట్యూనింగ్‌లో కాకుండా మన చెవికి తగ్గట్టు కావాలంటే సర్జ్ ఎక్స్‌టీలో స్కాలా ఫైళ్లు (స్వరస్థానాల లెక్కలు ఉండేవి) లోడ్ చేసుకోవచ్చు, తంబురాతో కలిసే అంతర గాంధారం పెట్టుకుని ఒకసారి విను.

మన రాగాలకూ ఈ మెషిన్లకూ సంబంధం కొత్తది కూడా కాదు. ముంబయిలో చరణ్‌జిత్ సింగ్ అనే సంగీతకారుడు 1982లోనే రోలాండ్ జూపిటర్-8 సింథ్, టీబీ-303 బేస్ మెషిన్, టీఆర్-808 డ్రమ్ మెషిన్ పెట్టుకుని హిందుస్తానీ రాగాలు వాయించి రికార్డు చేశారు. అప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదల చేశాక, షికాగోలో ఎనభైల రెండో సగంలో వచ్చిన యాసిడ్ హౌస్ అనే డ్యాన్స్ సంగీతానికి ఇది ఎంత దగ్గరగా ఉందో విని ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. ఈ సంగతి మీ టీచర్ గారికి కూడా చెప్పు, ఆవిడకూ నచ్చుతుందని నా నమ్మకం.

ప్రశ్న (సింగరాయకొండ నుంచి): మేము జానపద పాటలకు మ్యూజిక్ చేస్తాం. ఇయర్‌ఫోన్‌లో జూనో ప్యాడ్, సింథ్ లీడ్ అదిరిపోతాయి. తిరునాళ్లలో డీజే బాక్సుల్లో వేస్తే ఆ సౌండే కనిపించదు, డప్పు, గొంతు మాత్రమే వినిపిస్తాయి. ఎందుకని?

ఆ బాక్సులు చాలావరకు మోనోలో నడుస్తాయి, అసలు కారణం అది. ఎడమ, కుడి రెండూ కలిపి ఒకటే సిగ్నల్‌గా అన్ని బాక్సులకూ పంపుతారు, అంత మంది జనానికి వినిపించాలంటే అదే సరైన పద్ధతి కూడా. కానీ జూనో కోరస్ వెడల్పు అంతా రెండు చెవుల మధ్య తేడా మీదే నిలబడి ఉంది. అందులో ఎడమ వైపు ఆలస్యం పెరుగుతుంటే కుడి వైపు తగ్గుతుంది, ఆ రెంటినీ ఒకచోట కలిపేస్తే ఆ వెడల్పు పోయి, కొన్ని చోట్ల శబ్దం పలచబడుతుంది. యూనిసన్‌లో (ఒకే నోటును చాలా వాయిస్‌లు కలిసి పలికే పద్ధతిలో) వాయిస్‌లను రెండు వైపులకూ పరిచిన లీడ్‌లకు ఇంకా ఎక్కువ దెబ్బ తగులుతుంది.

మాస్టర్ ట్రాక్ మీద మోనో బటన్ ఉన్న ఒక ప్లగిన్ పెట్టుకుని, మిక్సింగ్ మొదట్లోనే అది నొక్కి వినండి. లీడ్‌కు కోరస్ తీసేసి మధ్యలో పెట్టండి, రెండు ఆసిలేటర్లు కొద్దిగా డిట్యూన్ చేస్తే, అంటే శ్రుతి వెంట్రుకవాసి పక్కకు జరిపితే మోనోలో కూడా దళసరిగానే ఉంటుంది. బేస్‌కు మినీమూగ్ రకం తీసుకుని మిక్సర్‌లో ఆసిలేటర్ లెవెల్స్ పెంచండి, ఫిల్టర్ లోపలికి గట్టిగా పోయి కాస్త రాపిడి పుడుతుంది, ఆ రాపిడే చిన్న బాక్సుల్లో కూడా బేస్ నోటును వినిపించేలా చేస్తుంది. వట్టి సైన్ వేవ్ బేస్ పెద్ద సబ్ లేని చోట మాయమైపోతుంది. ప్యాడ్‌ను మాత్రం ఎక్కువ ఆశపడకుండా, గొంతు, డప్పు లేని చోటే పైకి తీసుకురండి. పాట మొదలు, చరణం మధ్య వచ్చే ఖాళీ, అక్కడ కటాఫ్ మెల్లగా తెరిచి మళ్లీ మూసేయండి. ఈసారి తిరునాళ్లకు ముందు ఆ బాక్సుల కుర్రాళ్లనే అడిగి పగలు ఎవరూ లేనప్పుడు ఒక పది నిమిషాలు మీ పాట వేయించుకుని, కొంచెం దూరం నడిచి, అక్కడి నుంచి వినండి. ఏం తగ్గించాలో అక్కడే రాసుకోవచ్చు.